బాల్కనీలో మనవాళ్లు

మా నాయన కోర్టు మెట్లెక్కింది ఒక్కసారే. ముద్దాయిగా కాదు, సాక్షిగా. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. కోర్టు కాగితాల్లో ఆయన వేలిముద్ర ఉంటే ఉండాలి, అవి కూడా ఈపాటికి చెదలు తినేసుంటాయి. ఒక అమెరికా నవల గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆయనే గుర్తొస్తున్నాడు. ఎందుకో చెప్తాను.

నేను ఎమ్మే చదివేటప్పుడు మా ఇంగ్లీషు లెక్చరరు గారు సిలబస్‌లో లేని పుస్తకాలు కూడా క్లాసులో చెప్పేవాడు. మంచాయన. అగ్రకులస్తుడే అయినా మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాడు. అది కూడా గొప్పగా చెప్పుకోవాల్సిన రోజులవి. ఆయన ఒక వారం రోజులపాటు 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చెప్పాడు. హార్పర్ లీ అనే తెల్లావిడ రాసిన నవల. 1960లో అచ్చయింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది, 1962లో సినిమా తీశారు.

కథ తెలియని వాళ్లకోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. 1930లనాటి అలబామా రాష్ట్రం. మేకోంబ్ అనే ఊరు. ఊరు కల్పితం గానీ అలబామా కల్పితం కాదు. టామ్ రాబిన్సన్ అని పాతికేళ్ల నల్లజాతి కూలీ. పెళ్లామూ పిల్లలూ ఉన్నవాడు. చిన్నప్పుడు పత్తి జిన్నింగు మిషన్లో పడి ఎడమచెయ్యి పనికిరాకుండా పోయింది. మేయెల్లా అనే తెల్లపిల్లని చెరిచాడని అతని మీద కేసు. నిజానికి ఆ పిల్లే అతన్ని ఇంట్లోకి పిలిచి ముద్దు పెట్టుకుంది. అది చూసిన తండ్రి కూతుర్ని చావబాది, నేరం ఇతని మీదకి నెట్టాడు. అట్టికస్ ఫించ్ అనే తెల్ల వకీలు టామ్ తరఫున నిలబడి, ఆ దెబ్బలు కొట్టింది ఎడంచేతివాటం మనిషని రుజువు చేస్తాడు. అయినా జ్యూరీలో కూర్చున్న పన్నెండు మంది తెల్లవాళ్లు దోషి అంటారు. తర్వాత టామ్ జైలు కంచె ఎక్కి పారిపోబోతుంటే కాపలావాళ్లు కాల్చేస్తారు. పదిహేడు గుళ్లు. కథంతా చెప్పేది వకీలు గారి చిన్నకూతురు స్కౌట్.

ఆ కోర్టు హాల్లో తెల్లవాళ్లు కింద కూర్చుంటారు, నల్లవాళ్లు పైన బాల్కనీలో. ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. మా టౌను సినిమాహాల్లో బాల్కనీ ఆసాములది, నేల మాది. అక్కడ తిరగేసి పెట్టుకున్నారన్నమాట. పైన పెట్టినా కింద పెట్టినా వెలి వెలే. స్కౌట్, వాళ్లన్నయ్య జెమ్ కింద చోటు దొరక్క పైకెక్కి, నల్లవాళ్ల పాస్టరు సైక్స్ గారి పక్కన కూర్చుంటారు. కేసు ఓడిపోయి అట్టికస్ బయటికి నడిచిపోతుంటే బాల్కనీలో ఉన్న నల్లవాళ్లంతా లేచి నిలబడతారు. పాస్టరు గారు ఆ పిల్లని కూడా లెమ్మంటాడు, మీ నాన్నగారు వెళ్తున్నారమ్మా అని. ఇది చెప్తుంటే మా లెక్చరరు గారి గొంతు పూడుకుపోయింది. కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత అడిగాడు: "ఈ నవల్లో ధైర్యం ఎవరిది?" క్లాసంతా అట్టికస్ అన్నారు. నేనూ అన్నాను. అన్నవాణ్ణి ఊరుకోక దాని మీద పదిపేజీల వ్యాసం రాశాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చినయ్.

సెలవులకి ఇంటికొచ్చి, ఆ మార్కుల గొప్ప మా నాయనకి చెప్పుకోవాలని కథ మొదలుపెట్టాను. ఆయన నులకమంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటా విన్నాడు. అమ్మ పొయ్యికాడ. వకీలు గారి వాదన అంతా నేను చేతులు తిప్పుతా చెప్పాను. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒకటే.

"వకీలు సరేలే అబ్బాయ్. ఆ నల్లాయన బోనెక్కి ఏం చెప్పాడు?"

"నిజం చెప్పాడు నాయనా. ఆ పిల్లకి ఎప్పుడైనా పని చేసిపెడితే డబ్బులు తీసుకోలేదంట. ఎందుకు తీసుకోలేదని అవతలి వకీలు అడిగితే, ఆమెని చూస్తే జాలేసింది అన్నాడు."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "తెల్లోళ్లందరి ముందరా? తెల్లపిల్లని చూసి తనకి జాలేసిందని చెప్పాడా?"

"ఆఁ."

"ఇంకేముంది, చచ్చాడు." కాసేపాగి మళ్లీ అన్నాడు: "అంత మాటన్నోణ్ణి పక్కనబెట్టి ఇందాకట్నుంచి ఆ వకీలు కత చెప్తావేందిరా?"

అమ్మ పొయ్యికాణ్ణించే అంది, "ఆయనకి తెలుసులే బోనెక్కితే ఎట్టుంటదో." అంతే. ఆ కథ నాకు కొత్త కాదు. కానీ ఆ రెండు కథలూ ఒకటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఎమ్మే చదివినోడికి తట్టనిది, వేలిముద్రగాడికి ఒక్క ప్రశ్నలో తట్టింది.

మా నాయన ఒక ఆసామి దగ్గర పాలేరు. మాది పొగాకు పండే ఊరు. వర్జీనియా ఆకు కొట్టుకొచ్చి, కర్రలకి గుచ్చి, బ్యారన్‌లో కట్టి మంట పెడతారు. నాలుగైదు రోజులు రాత్రింబగళ్లు మంట ఆగకూడదు, ఎక్కువా కాకూడదు. ఏమరుపాటుగా ఉంటే ఆకు మాడి ఏడాది కష్టం బూడిదవుద్ది. అందుకని బ్యారన్ కాడ ఇద్దరు మనుషులు రాత్రంతా మేలుకుంటారు. నేను ఐదో తరగతి చదివే రోజుల్లో ఒకరాత్రి మా నాయనా, మా పల్లెలో నాకు బాబాయి వరసయ్యే ఒక కుర్రాడూ బ్యారన్ కాడ ఉన్నారు. ఆ రాత్రే ఇంకో ఆసామి బావికాడ ఆయిలింజను పోయింది. తెల్లారేసరికి పోలీసులు పల్లెలోకొచ్చి ఆ కుర్రాణ్ణి పట్టుకుపోయారు. ఇంజను తీసింది ఎవరో ఊళ్లో సగంమందికి తెలుసు. ఆ ఆసామి సొంత బంధువే, పేకాట అప్పుల్లో ఉన్నవాడు. ఆ రాత్రి బండి తోలుకుపోతుంటే చూసిన పెద్దమనిషి కూడా ఉన్నాడు, చదువుకున్నవాడు. ఆయన నోరు తెరవలా.

మా నాయన ఆసామి ఆయన్ని పిలిచి చెప్పాడంట. "ఒరే, వాడు నడిరాత్రి బ్యారన్ కాణ్ణించి లేచిపోయాడని చెప్పు, సరిపోద్ది. నీకెందుకురా ఈ గొడవ." మా నాయన తలకాయ ఊపి వచ్చేశాడు. కుర్రాడి తల్లి పల్లెంతా తిరిగి ఏడిస్తే, చర్చిలో చందాలేసి, టౌన్లో ఒక ప్లీడరు గారి దగ్గరికి పోయారు. ఆయన పెద్దకులమాయనే. ఫీజు ఒక్క పైసా తీసుకోలా. బస్సు చార్జీలకి కూడా మీ డబ్బులు మీరే ఉంచుకోండి అన్నాడంట. ఈ మాట నేను రాయకపోతే తప్పవుతుంది.

బోనులో అవతలి ప్లీడరు మా నాయన్ని అడిగిన మొదటి మాట, "ఎవర్రా నీకీ సాక్ష్యం నేర్పింది?" ఆయన చెప్పిందేమంటే, "నేర్పేదేముందయ్యా. నేను మంటేస్తన్నా, వాడు కట్టెలందిస్తన్నాడు." ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే, నడిరాత్రి లేచిపోయాడని చెప్పమని ఆసామే చెప్పాడని కూడా బయటపెట్టేశాడు. ఆ రెండోమాట ఎవరూ అనమనలా. మన ప్లీడరు గారే అదిరిపోయాడంట.

కేసు కొట్టేశారు. కుర్రాడు బయటికొచ్చాడు. టౌన్లో ప్లీడరు గారికి దండలేశారు. మా నాయనకి ఆ సాయంత్రమే పాలేరుతనం పోయింది. బాకీ ఉన్న గింజలు కొలవలేదు. పైగా పాత అప్పు చూపించి మా బర్రెదూడని తోలుకుపోయారు. ఏడాదిపాటు ఊళ్లో ఏ ఆసామీ మా ఇంట్లోవాళ్లని పనికి పిలవలా. చాలా ఏళ్ల తర్వాత ఆ ప్లీడరు గారు చనిపోతే టౌన్లో సంతాపసభ పెట్టారు. నేను పోయాను. ఒకాయన ఈ కేసు గురించి చాలా బాగా మాట్లాడాడు. "ఒక హరిజన సాక్షిని ఆధారం చేసుకుని" ప్లీడరు గారు ఎట్లా గెలిచారో చెప్పాడు. ఒక హరిజన సాక్షి. అంతే, పేరు లేదు. నేను లేచి పేరు చెపుదామనుకున్నాను. చెప్పలేదు. నాకప్పటికి కాలేజీలో ఉద్యోగం. నా ధైర్యం అంత.

అక్కణ్ణించి వచ్చాక ఆ నవల మళ్లీ తీశాను. ఈసారి వకీలు గారి కూతురి కళ్లతో కాకుండా బాల్కనీలోంచి చదివాను.

చూడండి, అట్టికస్‌కి ఏం నష్టం జరిగింది? మొహాన ఉమ్మేశారు. ఊళ్లో తిట్టారు. పిల్లల మీద దాడి జరిగింది, అది చిన్న విషయం కాదు. కానీ అదే ఏడు ఆయన పోటీ లేకుండా మళ్లీ శాసనసభకి ఎన్నికయ్యాడు. నవల్లోనే ఉంది ఈ సంగతి, ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఆయన ధైర్యానికి ఆయన ఇల్లు కూలలేదు. టామ్ ఆ ఒక్కమాట, జాలేసిందన్న మాట, అనకుండా ఉండొచ్చు. డబ్బులిస్తారేమోననుకున్నానయ్యా అని తప్పించుకోవచ్చు. జాలి పైనుంచి కిందికి పారేది. నల్లవాడు తెల్లదాన్ని చూసి జాలిపడ్డమంటే ఆ దేశం మొత్తం నిలబడి ఉన్న నిచ్చెనని ఒక్కమాటతో తిరగేయటం. అవతలి వకీలు అందుకే ఆ మాట పట్టుకుని వదల్లేదు. అట్టికస్ వాదన గంటలసేపు నడిచింది. టామ్ మాట ఒక్క క్షణం. నవలకి గుండెకాయ ఆ క్షణమే అని నేనంటాను. కానీ పుస్తకం అక్కడ ఆగదు. టామ్ రాత్రిళ్లు ఏమాలోచించాడో, జైల్లో ఎట్లా ఉన్నాడో, కంచె ఎందుకెక్కాడో ఒక్క పేజీ కూడా లేదు. అతను చచ్చిపోయిన సంగతి కూడా వంటింట్లో ఇంకొకళ్లు చెప్తే తెలుస్తుంది.

ఆ పిట్ట సంగతి కూడా నాకు మింగుడుపడదు. మాకింగ్‌బర్డ్ పాటలు పాడటం తప్ప ఎవరికీ అపకారం చేయదు, కాబట్టి దాన్ని చంపటం పాపం అంటారు. టామ్ ఆ పిట్ట అన్నమాట. అపకారం చేయనివాడు గనక చంపకూడదా? కాస్త తిరగబడేవాడైతే చంపొచ్చా? మన తెలుగు కథల్లో కూడా ఈ పిట్ట చాలాకాలం ఎగిరింది. అమాయకుడు, నమ్మకస్తుడు, దొర కోసం ప్రాణమిచ్చే హరిజనుడు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' రాశారు. అంతకుముందు అట్లాంటి నవల లేదు, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆయన మంచితనానికి దణ్ణం పెడతాను. కానీ ఆ రామదాసు వేదాంతం వింటుంటే నాకు మా పల్లె మనిషి గొంతు వినపడదు. మా నాయన పిట్ట కాదు. కోపిష్టి. కల్లు తాగితే అమ్మని తిట్టేవాడు. అయినా బోనులో నిజం చెప్పాడు.

అయితే ఆ నవలని పారేయమని నేననను. అందులో హార్పర్ లీ తనకి తెలిసో తెలియకో నిజంగా చూసిన పేజీలు ఉన్నాయి. అవి కోర్టు పేజీలు కావు. వకీలు గారింట్లో వంటచేసే కాల్పూర్నియా అనే నల్లావిడ ఒక ఆదివారం పిల్లలిద్దర్నీ తన చర్చికి తీసుకుపోతుంది. ఆ చర్చిలో చదవటం వచ్చినవాళ్లు నలుగురే. కాబట్టి పాటల పుస్తకాలు లేవు. ఒకరు ఒక్కో చరణం చదివితే మిగతావాళ్లు అందుకుంటారు. మా చిన్నప్పుడు మా చర్చిలో ఉపదేశి గారు చేయించింది అచ్చం ఇదే. అక్కడ కాల్పూర్నియా తనవాళ్లతో మాట్లాడే భాష విని స్కౌట్ ఆశ్చర్యపోతుంది. ఇంట్లో ఒక భాష, ఇక్కడ ఒక భాష ఎందుకని అడుగుతుంది. మా ఇంటి భాష మీ దగ్గర మాట్లాడినా బాగుండదు, మీ ఇంటి భాష మావాళ్ల దగ్గర మాట్లాడితే నేను మిడిసిపడుతున్నాననుకుంటారు అనే అర్థమొచ్చేట్టు చెప్తుందామె. ఇది చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. హాస్టల్‌కి పోయిన మొదటి ఏడే నేను 'యాడికి' అనటం మానేసి 'ఎక్కడికి' అనటం నేర్చుకున్నాను. సెలవుల్లో ఇంటికొచ్చి 'ఎక్కడికి' అంటే మా ఈడు పిల్లలు ఎగతాళి చేశారు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తుంటే కూడా రెండూ కలిసిపోతున్నాయి. కలవనీ.

ఇంకో ముక్క. కాల్పూర్నియా తన కొడుక్కి చదువు నేర్పింది రెండే పుస్తకాలతో. ఒకటి బైబిలు. రెండోది బ్లాక్‌స్టోన్ రాసిన ఇంగ్లీషు న్యాయశాస్త్రం. వకీళ్లు చదివే గ్రంథం! వంటమనిషి, న్యాయశాస్త్రంలో అక్షరాలు దిద్దించిందంటే ఆ ఇంట్లో అసలైన ప్లీడరు ఎవరు? నవల దీన్ని ఒక సరదా సంగతి లాగా చెప్పి వెళ్లిపోతుంది.

ఆ చర్చిలోనే లూలా అనే ఒకావిడ అడ్డమొస్తుంది. తెల్లపిల్లల్ని మన చర్చికెందుకు తెచ్చావు, వాళ్ల చర్చి వాళ్లకుంది గదా అని. మిగతావాళ్లు ఆమెని గొడవల మనిషని పక్కకి తోసేస్తారు. ఆమె మళ్లీ కనపడదు. నాకు ఆ లూలా కావాలి. ఆమె ఇంటికెళ్లి ఏమనుకుందో, కోర్టు బాల్కనీలో అందరూ లేచి నిలబడ్డప్పుడు ఆమె లేచిందో కూర్చుందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. అదే ఆదివారం పాస్టరు సైక్స్ గారు చర్చి తలుపులు మూయించి, పది డాలర్లు పోగయ్యేదాకా ఎవర్నీ బయటికి పోనివ్వడు. ఆ డబ్బు టామ్ భార్య హెలెన్‌కి. మొగుడు జైల్లో ఉంటే ఆమెకి ఎవరూ పనివ్వట్లేదు. ఇంట్లో చిన్నపిల్లలు. ఊరికే చిల్లర లేని కూలిజనం దగ్గర పది డాలర్లు! మా పల్లె చర్చిలో ఆ కుర్రాడి కేసుకి పోగైన డబ్బులు నాకు గుర్తే. అణాపైసలతో సహా లెక్క రాశారు. బియ్యం తెచ్చినవాళ్లూ, కోడిగుడ్లు తెచ్చినవాళ్లూ ఉన్నారు.

నవల్లో ఈ జనం బాల్కనీలో కూర్చుంటారు, లేచి నిలబడతారు. అంతే. చరిత్రలో మాత్రం వాళ్లు కిందికి దిగొచ్చారు. ఆ చరిత్ర వెతుక్కోవటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నల్లవాళ్ల గురించి నాకు మొదట తెలిసింది హాస్టల్లో చేతులు మారి మారి అట్టలూడిన 'ఏడుతరాలు' వల్ల. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి చేసిన తెలుగు. మనకీ వాళ్లకీ చుట్టరికం ఇవాళ్టిది కాదని తర్వాత తెలిసింది. 1873లోనే జోతిబా ఫూలే తన 'గులాంగిరి'ని అమెరికాలో బానిసత్వం పోగొట్టినవాళ్లకి అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు.

హార్పర్ లీకి ఇంకా అయిదేళ్లు నిండకముందే, ఆమె పుట్టిన అలబామాలోనే స్కాట్స్‌బరో కేసు మొదలైంది. 1931 మార్చి 25. పని వెతుక్కుంటూ గూడ్సు బండెక్కిన నల్లకుర్రాళ్లకీ తెల్లకుర్రాళ్లకీ బండిలో గొడవైంది. పెయింట్ రాక్ అనే చోట బండి ఆపి తొమ్మిదిమంది నల్లకుర్రాళ్లని పట్టుకున్నారు. అదే బండిలో ఉన్న ఇద్దరు తెల్లమ్మాయిలు వీళ్లు తమని చెరిచారన్నారు. కుర్రాళ్లలో అందరికన్నా చిన్నవాడు రాయ్ రైట్‌కి పదమూడేళ్లు. రెండువారాలు తిరక్కుండా విచారణ మొదలై, నాలుగు రోజుల్లో ముగిసి, ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. వాళ్ల తరఫున నిలబడ్డవాళ్లలో ఒకాయన స్థిరాస్తి వ్యవహారాలు చూసుకునే వకీలు, ఇంకొకాయన వయసుమళ్లినవాడు. కేసు చదువుకునే టైము కూడా లేదు.

ఇక్కడ అట్టికస్ రాలేదు. వచ్చింది కమ్యూనిస్టుల న్యాయసహాయ సంఘం. వాళ్ల వెనక వేలమంది జనం. రాయ్ రైట్, ఆండీ రైట్‌ల తల్లి ఏడా రైట్, దక్షిణాదిలో ఇళ్లలో పనిచేసుకునే మనిషి, 1932లో ఓడెక్కి యూరప్ దేశాలు తిరిగి తన బిడ్డల గురించి సభల్లో మాట్లాడింది. ఒక పనిమనిషి తన కొడుకుల ప్రాణాల కోసం సముద్రం దాటింది. ఏ నవలలో రాశారు ఈమెని? అదే ఏడు అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఉరిశిక్ష పడే కేసుల్లో దిక్కులేని ముద్దాయికి సరైన వకీలుని ఇచ్చితీరాలంది.

1933లో డికేటర్‌లో మళ్లీ విచారణ. ఈసారి న్యూయార్క్ నుంచి శామ్యూల్ లీబోవిట్జ్ అనే పేరున్న వకీలు వచ్చాడు. ఇద్దరమ్మాయిల్లో ఒకామె, రూబీ బేట్స్, బోనెక్కి అదంతా అబద్ధమని చెప్పింది. ఆమెది కూడా ధైర్యమే. అయినా హేవుడ్ ప్యాటర్సన్‌కి మళ్లీ మరణశిక్షే. అప్పుడు జడ్జి జేమ్స్ హోర్టన్ ఆ తీర్పుని తానే కొట్టేశాడు. మరుసటేడు ఎన్నికల్లో జనం ఆయన్ని దించేశారు. నిజమైన తెల్ల ధైర్యానికి ఖరీదు అది. నవల్లో అట్టికస్‌ని మళ్లీ గెలిపించిన ఊరు, చరిత్రలో హోర్టన్‌ని ఓడించింది. ఆయనే తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. ఆ అమ్మాయిల్ని పరీక్షించిన డాక్టర్లలో ఒక కుర్ర డాక్టరు చాటుగా తన దగ్గరికొచ్చి, అత్యాచారం జరగలేదని తనకి తెలుసనీ, కానీ బోనెక్కి చెప్తే ఇక ఆ ఊళ్లో బతకలేననీ అన్నాడంట. ఆ డాక్టరు తర్వాత కాదన్నాడు. నాకు మాత్రం బండిని చూసి నోరు మూసుకున్న మా ఊరి పెద్దమనిషి కళ్ల ముందు కనపడ్డాడు.

ప్యాటర్సన్ గురించి చెప్పాలి. డికేటర్ బోనులో ప్రభుత్వ వకీలు అతన్ని అడిగాడు, స్కాట్స్‌బరోలో నిన్ను విచారించారు గదా అని. విచారించలేదు, ఇరికించారు అన్నాడతను. ఎవరు చెప్పమన్నారు నీకీ మాట అని గద్దించాడు వకీలు. నాకు నేనే చెప్పుకున్నాను అన్నాడు ప్యాటర్సన్. ఇరవయ్యేళ్ల కుర్రాడు, మెడ మీద ఉరితాడు వేలాడుతుండగా. ఇది చదివేనాటికి మా నాయన లేడు. ఉంటే పరిగెత్తుకెళ్లి చెప్పేవాణ్ణి.

ప్యాటర్సన్‌ని నాలుగుసార్లు విచారించారు. జైల్లోనే చదవటం రాయటం నేర్చుకున్నాడు. 1948లో తప్పించుకున్నాడు, 1950లో ఒక రచయిత సాయంతో తన కథ పుస్తకంగా తెచ్చాడు. 1952లో మిషిగన్‌లో ఇంకో కేసు మీద జైల్లో ఉండగా చనిపోయాడు. పిట్ట కాదు. ఇంకో కుర్రాడు క్లారెన్స్ నోరిస్ కేసులో 1935లో సుప్రీంకోర్టు, నల్లవాళ్లని జ్యూరీల్లోంచి తప్పించటం చెల్లదంది. జ్యూరీ జాబితాలో నల్లవాళ్ల పేర్లు తర్వాత దొంగతనంగా ఎక్కించారని లీబోవిట్జ్ అంటే, జడ్జీలు భూతద్దం పెట్టి ఆ పుస్తకం చూశారు. 1937లో నలుగురి మీద కేసులు ఎత్తేశారు. మిగతావాళ్లు ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గారు. నోరిస్‌కి 1976లో క్షమాభిక్ష పత్రం ఇచ్చారు. చివరి ముగ్గురికి 2013లో, చచ్చిపోయి దశాబ్దాలు దాటాక. చేయని నేరానికి క్షమాభిక్ష!

హార్పర్ లీ తండ్రి కూడా వకీలే, శాసనసభ్యుడే. 1919లో హత్యకేసులో ఇద్దరు నల్లవాళ్ల తరఫున, తండ్రీకొడుకుల తరఫున, నిలబడి ఓడిపోయాడు. ఇద్దర్నీ ఉరితీశారు. నల్లా తెల్లా వేరుగానే ఉండాలని ఆయన చాలాకాలం నమ్మాడనీ, చివర్లో మారాడనీ చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. ఈ మనిషిని నవల కడిగి ఇస్త్రీ చేసి అట్టికస్‌ని చేసింది. ఆమె అంతకుముందు రాసి పక్కన పెట్టిన 'గో సెట్ ఎ వాచ్‌మన్' 2015లో అచ్చయితే ప్రపంచమంతా గగ్గోలెత్తింది. అందులో అట్టికస్ ముసలివాడు. నల్లవాళ్ల హక్కులకి అడ్డుపడే తెల్లవాళ్ల మండలి మీటింగులో కూర్చుని ఉంటాడు. ఎదిగిన కూతురు అదే కోర్టు హాల్లో, అదే నల్లవాళ్ల బాల్కనీలోంచి చూస్తుంది. కాల్పూర్నియా మనవడి కారు కింద ఒక తెల్లవాడు పడి చనిపోతే ఆ కేసు అట్టికస్సే తీసుకుంటాడు. ఎందుకంటే బయటి నుంచి నల్లవాళ్ల సంఘం వకీళ్లు ఊళ్లోకి దిగకుండా. నా తోటి లెక్చరర్లు, అట్టికస్‌ని గోడకి బొమ్మ కట్టుకున్నవాళ్లు, చాలా బాధపడ్డారు. నాకు బాధేం కలగలేదు. మనకి ఉపకారం చేసే మనిషి, మనమే సంఘం పెట్టుకుంటామంటే మొహం మాడ్చుకోవటం మనం చూడలేదా? ఆ పుస్తకంలో కూతురు కాల్పూర్నియాని చూడ్డానికి ఆమె ఇంటికి పోతుంది. ఆ ముసలావిడ మర్యాదగా, పరాయిదాన్ని పలకరించినట్టు పలకరిస్తుంది. నాకు రెండు పుస్తకాల్లోనూ ఎక్కువ నిజమనిపించిన పేజీ అదే.

మన దగ్గరకొస్తే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని బాధితులే పట్టుబట్టారు. 2004లో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. బొజ్జా తారకం గారు బాధితుల తరఫున నిలబడ్డారు. ఆయన మనవాడు, బాల్కనీలోంచి దిగినవాడు. కానీ ఆయన వాదించటానికి ముందు, ఊళ్లో చంపినవాళ్ల ఇళ్ల మధ్యనుంచి నడిచిపోయి బోనెక్కి వేలు చూపించినవాళ్లున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ సాక్షుల మాటని నమ్మలేమంది. ఆ తీర్పు రోజు నేను టీవీ కట్టేసి నవల తీసి హెలెన్ పేజీ చదువుకున్నాను.

టామ్ చచ్చిపోయాక హెలెన్‌కి ఒక తెల్ల ఆసామి పనిస్తాడు. పనికి పోవాలంటే దగ్గరదారి ఆ అబద్ధపు సాక్ష్యం చెప్పిన తండ్రి ఇంటి ముందునుంచే. అటు పోతే వాళ్లు తరుముతారు, రాళ్లేస్తారు. అందుకని ఆమె దాదాపు ఒక మైలు చుట్టుదారిన పొద్దున్నా సాయంత్రం నడుస్తుంది. ఎవరికీ చెప్పదు. నవల్లో ఇది అర పేజీ.

ఊళ్లో పని కట్టేసిన ఆ ఏడు మా అమ్మ పక్కూరికి నాట్లకి పోయేది. దగ్గరదారి ఆసామి బ్యారన్ పక్కనుంచి. అటు పోనివ్వలేదు. చెరువుకట్ట చుట్టూ తిరిగి పోవాలి. ఆమె చీకటితోనే లేచి గంజి కాసి, నన్నూ చెల్లెల్నీ నాయనకి అప్పజెప్పి పోయేది. చనిపోయే ముందు ఏడాది నేను ఆమెని అడిగాను, "నాయన మీద కోపం రాలేదా అమ్మా, అప్పుడు?" అని.

"రాకేం. వచ్చింది," అంది. "ఆ కట్ట మీద నడిచినన్నాళ్లూ తిట్టుకుంటానే నడిచా. ఆ రెండోమాట లేకపోతే పాలేరుతనం పోకుండా ఉండేదేమోనని." కాసేపు ఊరుకుని, "మళ్లా ఎవురైనా ఆయన అబద్ధం చెప్పాడంటే మాత్రం వోళ్ల కొంపమీదికి పోయొచ్చా," అంది.